ఒక్క తేదీ అవతల

1990 జూన్. అర్ధరాత్రి. తలైమన్నార్ వైపు నుంచి వస్తున్న పడవ ఇంజిను ఠక్కున ఆగింది. "దిగండి, దిగండి!" పడవ నడిపేవాడు తరుముతున్నాడు. కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడదు. మోకాలిలోతు నీళ్లు. కాళ్ల కింద ఇసుక. ఒడ్డుకు చేరామనుకున్నారు. తెల్లారింది. చుట్టూ సముద్రం! ధనుష్కోడి ఇంకా అల్లంత దూరాన ఉంది. వాళ్లు నిలబడింది నడిసంద్రంలో ఇసుక తిన్నె మీద. చంకన పిల్లలు, సీసాలో అడుగంటిన నీళ్లు, నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. దూరంగా ఏదో పడవ కదిలింది. లంక నేవీదా? మనదా?

మనదే. బతికిపోయారు. 1983 జులైలో లంక తమిళుల మీద జరిగిన ఊచకోత నుంచి తప్పించుకున్నవాళ్లూ, 1987 భారత్-లంక ఒప్పందాన్ని నమ్మి తిరిగెళ్లి, యుద్ధం మళ్లీ అంటుకుంటే పారిపోయొచ్చినవాళ్లూ, ఒకప్పుడు తెల్లదొరలు లంక తోటలకు కూలీలను పంపేముందు ఆపి పరీక్షించిన ఆ మండపం క్యాంపులోనే పేర్లు రాయించుకుని, మూటలు సర్దుకుని తమిళనాడంతా చెదిరిపోయారు. కొందరు మన గడపదాకా వచ్చారు. సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కితే తడ, ఆరంబాకం, ఎలావూరు, ఆ తర్వాత గుమ్మిడిపూండి. అక్కడే వాళ్ల శిబిరం. కొన్నాళ్లే కదా అనుకున్నారు.

1991 మే 21. రాత్రి పది దాటింది. శ్రీపెరుంబుదూరులో బాంబు పేలింది. రాజీవ్ గాంధీ లేరు. ఎల్టీటీఈ పులులు చేసిన పాపానికి, ఆ పులుల యుద్ధానికే భయపడి పారిపోయొచ్చినవాళ్లు దోషులైపోయారు. తెరిచిన తలుపులు మూసుకున్నాయి. హాజరు. తనిఖీ. క్యూ బ్రాంచి నిఘా పోలీసులు. వెళ్లిపొమ్మని ఒత్తిడి. వెళ్లాలంటే ఎక్కడికి?

ముప్పై ఏళ్లు దాటింది. కుర్రాళ్లకు దొరికేది పెయింటింగ్ పని. మేస్త్రి వచ్చి పిలుస్తాడు.

"పొరుగూర్లో పనుంది, రెండ్రోజులుండాల. వస్తావా అబ్బా?"

"తనిఖీ ఉందన్నా."

2021లో తమిళనాడు ప్రభుత్వం శరణార్థి శిబిరాలకు 'పునరావాస శిబిరాలు' అని పేరు మార్చింది. 7,469 కొత్త ఇళ్లు కడతామంది. పౌరసత్వం మాటో? అది ఢిల్లీ చేతిలో ఉంది. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో లంక పేరే లేదు.

ఒక్క దారి తెరుచుకుంది. 1987 జులై 1కి ముందు ఈ నేల మీద పుడితే చాలు, చట్టప్రకారం భారతీయులే. 1986లో మండపంలో పుట్టిన ఒకామె ఆ గీత పట్టుకుని మదురై కోర్టుకెక్కింది. 2022లో గెలిచింది. పాస్‌పోర్టు వచ్చింది. 2024లో ఓటేసింది.

మరి 1990 పడవలెక్కి వచ్చినవాళ్లకు ఇక్కడ పుట్టిన బిడ్డలు? తొలి బిడ్డ కేర్‌మనేసరికే ఆ తేదీ దాటి దాదాపు మూడేళ్లయింది.