బళ్ళారి వీధిబడి: తోటివారిని చూసి నేర్చిన రాత

మన వీధిబడుల్లో పిల్లలకు రాత అబ్బింది పంతులు ఒక్కడి వల్లనే కాదు. పక్కన కూర్చున్న పిల్లల వల్ల కూడా. ఇందుకు బళ్ళారి జిల్లా మంచి సాక్ష్యం.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంబెల్ ఈయనే. నాటి బళ్ళారి జిల్లాలో అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. అది 1882లో విడిపోయింది. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226.

అయిదో ఏట బడిలో చేరిన పిల్లవాడు ముందు అక్షరాన్ని పలకడు. ఇసుకలో వేలితో రాస్తాడు. తర్వాత తాటాకు మీద గంటంతో, కడితం మీద బలపంతో రాస్తాడు. పిల్లలు తరగతులుగా ఉంటారు. కింది తరగతులను పెద్ద విద్యార్థులు చూసుకుంటే, పై తరగతులు పంతులు చేతిలో ఉంటాయి. ముందు నేర్చినవాడు వెనకవాడికి నేర్పే ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు.

ఆ అనుకరణకు మూలం మద్రాసే. 1789లో ఎగ్మూరు అనాథాశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బడిలో ఎనిమిదేళ్ళ బాలుడి చేత చిన్నవారికి అక్షరాలు నేర్పించాడు. 1797లో లండనులో పుస్తకం ప్రచురించాడు. ఆ పద్ధతికి 'మద్రాసు పద్ధతి' అనే పేరు నిలిచింది.

అయితే ఆ బడిని ఆదర్శంగా పొగడడం తగదు. 6,641 మందిలో బాలికలు 60 మందే. పిల్లలు వల్లించే పద్యాల భాష వాడుకకు దూరం కావడంతో అర్థం తెలియకుండానే చదివేవారని క్యాంబెల్ విమర్శించాడు. సీమబట్టల రాకతో నేతపని దెబ్బతిని, పేదరికం పెరిగి, బడులు తగ్గుతున్నాయనీ రాశాడు. కాబట్టి ఆ బడులు క్షీణించడానికి బోధనా పద్ధతిలోని లోపాన్ని కారణంగా చూపడం సరికాదని మా అభిప్రాయం.

తెలుగు బోధించే బడి లేని ఊళ్ళలో పెరుగుతున్న మన విద్యార్థులకు ఈ చరిత్ర దూరమైనది కాదు. లిపి తెలిసిన ఒక్క అక్క పక్కన నలుగురు కూర్చుంటే చాలు, అక్షరం ముందుకు సాగుతుంది. మీ ఇళ్ళలో పాత కడితమో, తాటాకు కట్టో ఉంటే పారేయకండి. అందులో ఎన్ని చేతుల రాత ఉందో ఓపికగా చూడండి.