మన్రో జాబులు చెప్పేవి, చెప్పనివి

1803 నవంబరు 1. దక్కన్‌లో విడిది చేసిన ఓ ఇంగ్లీషు సేనాని తీరిక చేసుకుని పొడవాటి జాబు రాశాడు. నేటి మహారాష్ట్రలోని అస్సాయె దగ్గర సెప్టెంబరు 23న మరాఠాలతో జరిగిన పోరును అందులో విడమరిచి చెప్పాడు. తన సేననూ కర్నల్ స్టీవెన్సన్ సేననూ వేర్వేరు దారుల్లో ఎందుకు నడిపించిందీ, ముందు నడిచిన దళం దారి తప్పి నేరుగా అస్సాయె ఊరి మీదికి పోవడంతో ఎంత నష్టం జరిగిందీ దాచకుండా రాశాడు. రాసినవాడు ఆర్థర్ వెల్లెస్లీ. పన్నెండేళ్ల తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఆయనే. అందుకున్నవాడు మన దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. యుద్ధం తెలిసిన మనిషి గనుక తన వాదన ఆయనకు నచ్చాలని వెల్లెస్లీ కోరిక.

కలెక్టరుకు యుద్ధం ఏం తెలుసనుకోవద్దు. 1761లో గ్లాస్గోలో పుట్టిన మన్రో 1780లో సిపాయి కొలువుకే మద్రాసు వచ్చాడు. హైదరలీతోనూ, టిప్పుతోనూ జరిగిన యుద్ధాల్లో నడిచాడు. 1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కుంపిణీకి ధారాదత్తం చేశాక ఇక్కడికొచ్చి 1807 దాకా ఉన్నాడు. కర్నూలు పట్టణం అప్పటికి నవాబు చేతిలోనే ఉన్నా ఆదోని, పత్తికొండ ప్రాంతాలు మాత్రం మన్రో ఏలుబడిలోకి వచ్చాయి. ఏడేళ్లలో ఎక్కువ కాలం గుడారాల్లోనే గడిచింది. పగలు జమాబందీ, పాలెగాళ్ల గొడవలు. తీరిక దొరికితే తండ్రికీ, చెల్లెలు ఎర్స్కిన్‌కూ జాబులు. ఆకలి, దప్పిక, పేదరికం అంటే ఏమిటో ఇండియాకు వచ్చాకే తెలిసిందని 1789లోనే చెల్లెలికి చమత్కారంగా రాసిన మనిషి ఆయన.

ఆ జాబులు నేడు మనకు దక్కాయంటే, ఇంటివాళ్లు వాటిని పారేయకపోవడమే మొదటి కారణం. రెండో కారణం జి.ఆర్. గ్లీగ్. ఒకప్పుడు సిపాయిగా పోరాడి తర్వాత మతాచార్యుడైన ఈయన వాటిని సేకరించి, మన్రో జీవితచరిత్రతో కలిపి 1830లో అచ్చువేశాడు. మన్రో కాగితాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వెల్లింగ్టన్ కాగితాలు, సుమారు లక్ష పత్రాలు, 1983 నుంచి సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

సేనానుల చేతిరాతలు సేకరించడం ఐరోపాలో పాత సరదా. అందులో ఒక మాయరోగం కూడా ఉండేది. 19వ శతాబ్దంలో చాలామంది సంతకం వరకు కత్తిరించి ఆల్బంలో అంటించుకుని, మిగతా కాగితం పారేసేవారు. ఎవరికి రాశాడు, ఏ ఊరి నుంచి, ఏ తేదీన, ఎందుకు రాశాడు అన్నవన్నీ చెత్తబుట్ట పాలయ్యేవి. సంతకానికి సంతలో ధర పలుకుతుంది గానీ చరిత్ర పలికేది జాబు మొత్తం ఉంటేనే.

అయితే జాబు మొత్తం ఉన్నా, అది ఒక పక్షం మాటే. 1801లో ఆదోని ప్రాంతపు తెర్నేకల్లు గ్రామస్థులు కుంపిణీ సేనను ఎదిరించారు. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. ఈ రెండు ఘట్టాల గురించి మనకు దొరికే రాతల్లో అధిక భాగం కుంపిణీ అధికారులవే. గెలిచినవాడికి తపాలా ఉంది, దఫ్తరం ఉంది. ఓడినవాడి మాట పాటల్లో మిగిలింది.

ఆ లోటును కొంత పూడ్చినవాడూ ఒక సేనాధికారే. కుంపిణీ ఇంజనీరు కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరికీ పంపి, కరణాల దగ్గర ఊళ్ల చరిత్రలను, అంటే కైఫీయత్తులను, రాయించాడు. 1821లో ఆయన పోయాక, కుంపిణీ ఆ సేకరణను కొనేసింది. కడప జిల్లా కైఫీయత్తులను సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. బ్రౌన్ బంగళా ఉన్న చోటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో కడపలో వెలిసిన గ్రంథాలయం అది.

ఇక మన్రో కథ మన నేల మీదే ముగిసింది. మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో ఖననం చేసి, తర్వాత అవశేషాలను మద్రాసు తీసుకెళ్లారు. గండి ఆంజనేయస్వామి క్షేత్రంలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందనే కథ కడప జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన్రోను తలచుకునే ఊళ్లు మన దగ్గర, ఆయన రాసిన కాగితాలు లండన్‌లో.

వాటిని తెచ్చుకోలేకపోవచ్చు. మన ఇళ్లలో ఉన్నవాటినైనా కాపాడుకుందాం. కరణాల వంశాల్లో, పాలెగాళ్ల వారసుల ఇళ్లలో పాత ఇనాం పత్రాలు, సన్నదులు, జాబులు అటకలెక్కి ఉంటాయి. 75 ఏళ్లు దాటి, చారిత్రక విలువ ఉన్న రాతప్రతి 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువే. దాన్ని విదేశాలకు అమ్ముకోకూడదు. లామినేషన్ చేయించకండి, గమ్‌టేపు అంటించకండి. ముందూ వెనకా, ముద్రతో సహా ఫొటో తీయండి. కాగితం ఎవరిదో, ఎక్కడ దొరికిందో విడిగా రాసిపెట్టి, నకలు కడప బ్రౌన్ గ్రంథాలయానికో రాష్ట్ర పురాభిలేఖాగారానికో అందించండి. చెదలు ఆ పెట్టె దాకా వెళ్లకముందే ఈ పని జరగాలి.