తీగ తెగినను తెగని పని

గాలి హెచ్చి పోలవరపు రేవున పడవలు కట్టివేసిననాడు, ఈ యొడ్డున నిలిచిన రైతునకు ఆవలి యొడ్డుకు పోవుటకు వీలు లేదు. అంతమాత్రమున అచ్చటి కూలీలు ఊడ్పు మానరు గదా! దూరపు కంప్యూటరుతో పనిచేయువారికి ఈ పాటి నిశ్చింత చిరకాలము లేకుండెను.

1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్ అను వ్యవస్థకు పునాది వేసిరి. ఆజ్ఞను టైపు చేయగా, జవాబు కాగితముపై అచ్చుపడెడిది. అందులకు వాడినది టెలిటైపు, అనగా తంతివార్తల కొరకు పుట్టిన యంత్రము. మన దేశమున తంతి సేవ 2013లో ముగిసినది గాని, ఆ యంత్రపు పొట్టిపేరు 'టిటివై' యూనిక్స్‌లో నేటికిని నిలిచియున్నది.

దూరముననున్నవారు టెలిఫోను తీగ మీదుగా పనిచేసెడివారు. తీగ తెగినచో యూనిక్స్ 'హ్యాంగప్' అను సంకేతమును పంపును. ఫోను పెట్టివేసిరని దాని యర్థము. దానిని అందుకొన్న ప్రోగ్రాము సాధారణముగా అచ్చటనే ముగియును. రాత్రియెల్ల నడచిన లెక్క తెల్లవారుజామున గంగపాలు!

1987లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున ఆలివర్ లౌమన్, కార్స్టెన్ బోర్మన్ అనువారు 'స్క్రీన్' అను సాధనమును నిర్మించిరి. ఇట్టి దానిని టెర్మినల్ మల్టీప్లెక్సర్ అందురు. ఒక్క తెరపై పలు పనులను మార్చి మార్చి చూపుట దాని మొదటి గుణము. నా మనస్సునకు రెండవదే గొప్పగా తోచును. అది దూరపు కంప్యూటరులోనే నిలిచి, ప్రోగ్రాములకు తానే తెరయై కనబడును. తీగ తెగినచో చూచువాని చూపు మాత్రమే తెగును, పని తెగదు.

2007లో నికొలస్ మారియట్ 'టీమక్స్' అను మరియొక దానిని వెలువరించెను. 2009లో ఓపెన్‌బీఎస్‌డీ అను వ్యవస్థ దానిని తనలో చేర్చుకొనెను. కంట్రోల్ మీటతో 'బి' నొక్కి విడిచి, పిమ్మట 'డి' నొక్కినచో పనిని నడుచుచుండగానే వదలి రావచ్చును. మరల ఆ కంప్యూటరును చేరి 'టీమక్స్ అటాచ్' అని టైపు చేసినచో ఆ తెరయే కన్నుల యెదుట నిలుచును. పోలవరమున వదలినదానిని రాజమహేంద్రవరమున అందుకొనవచ్చును.

ఆవలి కంప్యూటరే ఆరిపోయినచో మాత్రము ఇవి యేమియు కాపాడజాలవు. చేనే మునిగిన తరువాత పడవ యుండి ఫలమేమి?

కావున, కరెంటు పోయి ఎదుటి తెర చీకటియైనను మీ మనుమడు కంగారుపడక కాఫీకి లేచినచో, అతనిని సోమరియని కోపింపకుడు. అతని లెక్క ఎచ్చటనో దూరమున సాగుచునే యుండవచ్చును.