మన దస్తర్‌ఖాన్ మీద నిమ్మచెక్క

మన పెళ్ళి దావతుల్లో బిర్యానీ పళ్ళెం పక్కన ఉల్లిపాయ చక్రాలు, రెండు నిమ్మచెక్కలు పెట్టడం ఆనవాయితీ. తీరా భోజనాలయ్యాక చూస్తే ఆ చెక్కలలో సగం పిండనివి పిండనట్లే చెత్తబుట్టలోకి పోతుంటాయి. ఆ వెంటనే వేడి వేడి చాయ్ వస్తుంది. ఇందులో తప్పేమున్నదని అనుకుంటాము. కాని ఈ రెండు అలవాట్ల వల్ల మన ఇళ్ళలోని తల్లులు, ఆడపిల్లలు ఎంతో కొంత నష్టపోతున్నారు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. ముందుగా ఈ చిన్న కాయ చరిత్ర కొంచెం తెలుసుకుందాము.

మన మచిలీపట్నాన్ని అందరమూ బందరు అంటాము. బందరు అంటే పారశీక భాషలో ఓడరేవు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడికీ పారశీక రేవులకూ మధ్య ఓడలు తిరిగేవి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో బందర్ అబ్బాస్‌లో గోల్కొండ సుల్తాను ఓడనే ఎక్కి మన రేవులో దిగాడు. సముద్రం మీద సరుకులు మాత్రమే తిరుగుతాయా? మాటలూ తిరుగుతాయి. మనం నిమ్మ అంటాము. ఉర్దూలో నింబూ, పారశీకంలో లీమూ, అరబ్బీలో లైమూన్. అక్కడి నుండి ఐరోపాకు పోయి లెమన్, లైమ్ అయినవి. అట్లాగే సంస్కృతంలోని నారంగం పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయి, చివరకు ఇంగ్లీషులో ఆరెంజ్‌గా మారి మళ్ళీ మన బజారుకే వచ్చింది. పలుచని తొక్క గల మన నిమ్మకు ఉర్దూలో కాగజీ నింబూ అని పేరు. కాగితమంత పలుచనిది అని అర్థం.

ఈ నిమ్మ పుట్టుక కూడా విచిత్రమే. ఆగ్నేయాసియా దీవుల వైపు పెరిగే ఒక అడవి జాతి పుల్లకాయకు, మాదీఫలానికి కలిగిన సంకరమే మన నిమ్మ అని ఇటీవలి జన్యు పరిశోధనలు తేల్చినవి. ఖురాన్ పఠించే విశ్వాసిని మంచి వాసన, మంచి రుచి గల ఉత్రుజ్జ పండుతో పోల్చిన హదీసు మనలో చాలామంది విన్నదే. ఆ ఉత్రుజ్జ అంటే మాదీఫలమే. కనుక మన నిమ్మకు అది తండ్రి వరుస అన్నమాట.

ఇక ఓడల కథకు వద్దాము. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉన్న నావికులకు చిగుళ్ళు వాచి, పళ్ళు ఊడి, పాత గాయాలు తిరిగి రేగి ప్రాణాలు పోయేవి. దానిని స్కర్వీ అంటారు. 1601లో ఇంగ్లీషు కంపెనీ మొదటిసారి తూర్పు దేశాలకు ఓడలు పంపినప్పుడు, నాయకుడు లాంకాస్టర్ తన ఓడలోని వారికి ప్రతి ఉదయం మూడేసి చెంచాల నిమ్మరసం ఇప్పించాడు. ఆ ఓడలోని వారు దాదాపు క్షేమంగా ఉండగా, మిగిలిన ఓడలలో ఎందరో పడిపోయారు. పదేళ్ళ తరువాత, 1611లో, ఆ కంపెనీవారే మన బందరులో వర్తకశాల పెట్టారు.

ఇంత కళ్ళకు కట్టిన సంగతిని లోకం నిలుపుకున్నదా అంటే, లేదు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండు మంది రోగులను ఇద్దరిద్దరిగా విడదీసి ఒక్కొక్క జంటకు ఒక్కొక్క మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. అయినా బ్రిటిషు నౌకాదళం నిమ్మరసాన్ని తప్పనిసరి చేసింది 1795లో. ఆ మధ్యలో పోయిన ప్రాణాలకు లెక్క ఎవరు చెప్పాలి? తరువాత 1860 ప్రాంతంలో పెద్ద నిమ్మకు బదులు వెస్టిండీస్ చిన్న నిమ్మరసం వాడడం మొదలుపెట్టారు. నిల్వ ఉంచి, రాగి గొట్టాలలో నడిపించిన ఆ రసంలో సారం లేక, 1875-76 నాటి ఉత్తర ధ్రువ యాత్రలో స్కర్వీ మళ్ళీ వచ్చిపడింది. అసలు గుణం సి విటమిన్‌దని తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. అందుకు కృషి చేసిన హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జికి 1937లో నోబెల్ బహుమతి లభించింది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నవి. తెలిసిన మంచిని నిలుపుకోకపోతే అది పోతుంది. రసం తాజాగా ఉంటేనే గుణం.

మన కృష్ణా డెల్టా వరి నేల. నీరు నిలిచే నల్లరేగడి నిమ్మకు పడదు, ఉప్పు నీరు అసలే పడదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది ప్రాణాలను పొట్టన పెట్టుకున్నది. దివిసీమ మీదికి సముద్రం ఎట్లా వస్తుందో చూసిన వారికి ఉప్పు నేల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందుకే మనకు బావి గట్టున, పెరటి మూలన ఒకటి రెండు చెట్లే గాని తోటలు తక్కువ. బందరు, గుడివాడ బజార్లకు వచ్చే కాయ కోసం తెనాలి, ఏలూరు ప్రాంతాల వైపు, నెల్లూరు సీమలోని గూడూరు వైపు చూడవలసిందే. ఎండాకాలంలో దాని ధర చుక్కలనంటుతుంది. 2022 ఏప్రిల్‌లో చాలాచోట్ల కిలో రెండు వందలు దాటింది.

ధర పెరిగినా నిమ్మ లేని ఇల్లు లేదు. కొత్త సంవత్సరం నాడు పెద్దలకు, అధికారులకు నిమ్మకాయ చేతికిచ్చి నమస్కరించడం మన తెలుగునాట మర్యాద. ఇరుగు పొరుగు హిందువుల గుమ్మాలకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడతాయి. మన ఇళ్ళలో రంజాన్ ఇఫ్తార్ వేళ సబ్జా గింజలు వేసిన నిమ్మ షర్బత్, హలీం మీద పిండే నిమ్మచెక్క, దాదీలు, నానీలు జాడీలో ఊరవేసే అచార్. కులమతాలు వేరైనా కాయ ఒక్కటే.

ఇప్పుడు అసలు విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నది. అంటే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరున్నట్లే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది స్వల్పం. అదే భోజనంలో నిమ్మరసం పిండుకుంటే అందులోని సి విటమిన్ ఆ ఇనుమును ఒంటికి పట్టేటట్లు చేస్తుంది. చాయ్‌లోని వగరు పదార్థం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసి ఇనుమును అడ్డుకుంటుంది. ఇదీ మేము మొదట చెప్పిన నష్టం! కనుక పప్పు, తోటకూర, గోంగూర ఏది వండినా పొయ్యి మీద నుండి దించిన తరువాత నిమ్మ పిండండి. ఉడుకుతున్నప్పుడు పిండితే సి విటమిన్ చాలావరకు నశిస్తుంది. చాయ్ భోజనమైన గంట, గంటన్నర తరువాత తాగండి.

అట్లా అని నిమ్మ సర్వరోగ నివారిణి కాదు. సి విటమిన్‌లో జామ, ఉసిరి దీనికంటే ఎంతో మిన్న. మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడకుండా నిమ్మలోని ఆమ్లం కొంత తోడ్పడుతుంది గాని ఉన్న రాళ్ళను కరిగించదు. షుగరును, కేన్సరును తగ్గిస్తుందనే మాటలు నమ్మి మందులు మానవద్దు. షుగరున్న వారు షర్బత్‌లో చక్కెర సంగతి చూసుకోవాలి. రక్తపోటున్న వారికి అచార్‌లోని ఉప్పు మంచిది కాదు. ముఖానికి నిమ్మరసం రుద్దుకొని ఎండలోకి పోతే చర్మం కాలి మచ్చలు పడతాయి. నిమ్మ పిండినంత మాత్రాన మురికి నీరు మంచినీరు కాదు. వరదలొచ్చినప్పుడు నీళ్ళు కాచి తాగవలసిందే. వాంతులు, విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి ఇవ్వాలి. అది దొరికేలోగా లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పట్టించవచ్చు. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టినట్లు సమంగా. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రక్తహీనత ఎక్కువగా ఉన్నవారికి ఐరన్ మాత్రలే దిక్కు. వాటిని మానకుండా వేసుకోవాలి.

సభ్యులందరికీ మా మనవి ఒక్కటే. ఈసారి దావత్‌లో ఆ నిమ్మచెక్కను పళ్ళెం అంచున వదలవద్దు. పక్కన కూర్చున్న అమ్మాయి పళ్ళెంలో కూడా పిండమని చెప్పండి. చాయ్ కొంచెం ఆలస్యంగా తెమ్మనండి. ఓడలవాళ్ళు తెలిసిన సంగతిని మరచి రెండుసార్లు నష్టపోయారు. మనం ఒక్కసారి కూడా మరవకుండా ఉందాము.