సముద్రముపై విమానపు జాడ

రైల్వే కేంద్రమైన బిలాస్‌పూరులో, మోప్కా వంటి పేటలయందు, బండి రాకపోకలను గూర్చి ఎవరికిని వేరుగ జెప్పనక్కరలేదు. బండి ఒక స్టేషను విడువగనే ముందరి స్టేషనునకు కబురు చేరును. నడుమ మార్గమున అది యున్నదని ఇరువురు స్టేషను మాస్టర్లును ఎరుగుదురు. సముద్రముమీది విమానమునకు చిరకాలము ఈపాటి భాగ్యమును లేకపోయెను. రాడారు చూపు భూమి వంపును దాటదు. దూరమునుండి వచ్చు షార్టువేవు రేడియో మాట తరచు క్షీణించిపోవును.

ఈ లోటు తీర్చుటకై జరిగిన యత్నములలో అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహమునకు ముఖ్యస్థానము కలదు. 1974 మే 30న ఎగసిన ఆ ఉపగ్రహము, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, 9 మీటర్ల వ్యాసముగల గొడుగువంటి ఆంటెనాతో, విమానములతో సంభాషించుటకును వాని స్థానము నిర్ణయించుటకును జరిగిన పరీక్షలకు తోడ్పడెను. మరుసటి యేడు అదియే తూర్పునకు జరిగి, 1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు మన 6 రాష్ట్రముల పల్లెలకు టెలివిజను పాఠములు చూపెను. తెలుగు పల్లెలును, రాయపూరు ప్రాంతపు పల్లెలును అందులో నుండెను. ఆ బొమ్మలు చూచి ముచ్చటపడినవారిలో దాని పూర్వోద్యోగము నెరిగినవారు అరుదు!

విమానముల పని మాత్రము మందగమనమున సాగెను. 2014 మార్చి 8న 239 మందితో మలేషియా విమానము ఎంహెచ్370 అదృశ్యమయ్యెను. రాడారు విడిచిన పిమ్మట మిగిలిన ఆధారము, ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహమునకు సుమారు గంటకొకమారు అందిన కొద్దిపాటి సంకేతములే. అవియు ఉపగ్రహమునకు ఎంత దూరముననుండెనో సూచించెనే గాని చోటు చెప్పలేదు. 2019లో ఇరిడియంవారి 66 ఉపగ్రహములపై అమర్చిన గ్రాహకములు, విమానములు స్వయముగ ప్రకటించు స్థానమును నడిసముద్రముననైనను వినసాగెను. అయితే విమానములోని పరికరము మూగవోయినచో వానికిని వినబడునది లేదు.