పొన్నియిన్ సెల్వన్: ముగింపు తెలిసిన కథలో ఉత్కంఠ

ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం అని పెరిగిన మాబోటివాళ్ళం నవల రుచి ముందు తమిళంలోనే చూశాం. అందుకే ఈసారి కల్కి రాసిన ‘పొన్నియిన్ సెల్వన్’ సంగతి.

1950 అక్టోబరు నుంచి 1954 మే దాకా, మూడున్నరేళ్ళు ఇది ‘కల్కి’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అరుళ్‌మొళివర్ముడే చివరికి రాజరాజ చోళుడవుతాడని బడిపిల్లలకు కూడా తెలుసు. తంజావూరు పెద్ద కోవెల కట్టినాయన కదా! మరి జనం వారం వారం దేనికి కాచుకున్నారు?

మాకు తోచింది చెబుతాం. హోమ్ సిగ్నల్ దగ్గర బండి ఆగితే స్టేషన్ కనిపిస్తూనే ఉంటుంది, దిగడానికి మాత్రం వీల్లేదు. కల్కి మనల్ని అక్కడ నిలబెట్టాడు. కథ రాజుతో మొదలుపెట్టలేదు. వందియదేవుడనే కుర్రవాణ్ణి గుర్రం మీద వీరనారాయణ చెరువు గట్టుకు తెచ్చాడు. చోళుల ఇంటి గుట్లు అతనికి తెలియవు, మనకూ తెలియవు. ఆ రాత్రి కడంబూరు కోటలో పెద్దలు గుట్టుగా కూడతారు. పళువేట్టరైయర్ చిన్న భార్య ఉందనుకున్న మూసిన పల్లకీలోంచి మగవాడు, మధురాంతకుడు దిగుతాడు! అతన్నే సింహాసనం ఎక్కించాలని వాళ్ళ ఎత్తు. ఇక పత్రిక కింద పెట్టడమెలా?

అసలు పట్టు హత్య దగ్గర ఉంది. అరుళ్‌మొళి అన్న ఆదిత్య కరికాలుడు చనిపోయే వేళకు దీపం ఆరిపోతుంది. ఆ గదిలోనే ఉన్న వందియదేవుడికి ఏమీ కనబడదు, నేరం మాత్రం అతని నెత్తిన పడుతుంది. తర్వాత పెద్ద పళువేట్టరైయర్ నేనే చేశానంటాడు. ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు.

ఆ చీకటి కల్కి సొంతంగా కల్పించింది కాదు, చరిత్రలోనే ఉంది. ఉడైయార్‌గుడి శివాలయంలో రాజరాజు రెండో పాలనా సంవత్సరపు శాసనం ఒకటి ఉంది. కరికాలుణ్ణి చంపిన ద్రోహులని సోమన్, రవిదాసన్, పరమేశ్వరన్ అనే అన్నదమ్ముల పేర్లు చెబుతుంది. వాళ్ళ భూములు, చుట్టాల భూములు లాక్కున్న సంగతి కూడా అందులోదే. వెనక ఉండి చంపించింది ఎవరో అందులో లేదు. కల్లిడైకురిచ్చిలో తెలుగు ఇంట పుట్టిన కె. ఎ. నీలకంఠ శాస్త్రిగారు తమ చోళుల చరిత్రలో ఉత్తమ చోళుడి మీద అనుమానపడ్డారు.

(నవల చదవనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) కల్కి ఏం చేశాడంటే, ఉత్తమ చోళుణ్ణే మార్చేశాడు. మనం మధురాంతకుడనుకున్నవాడు నిజమైనవాడు కాదట! గుడికి పూలు కట్టిచ్చే సేందన్ అముదన్ అసలు వారసుడట. పండితుల అనుమానానికి నవలాకారుడు చెప్పిన జవాబు అది. చరిత్రగా ఒప్పుకోలేం. కథగా అయితే దానికి సాటి మాకు కనబడలేదు.

ఇంకో విషయం. కథ మొదలయ్యే చెరువు, ఇప్పటి వీరాణం, ఆ శాసనమున్న గుడి రెండూ కాట్టుమన్నార్‌కోయిల్ చుట్టుపక్కలే. చిదంబరం దాకా రైలు, అక్కడినుంచి బస్సు.