బిచాణా ఎత్తేయడం అంటే..

"ఆ కన్సల్టెన్సీ బిచాణా ఎత్తేసిందట!" అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న ప్రతివాడూ ఒక్కసారైనా విన్న మాటే ఇది. అంటే డబ్బులు కట్టించుకుని రాత్రికి రాత్రి మాయమైందని. మరి ఈ బిచాణా ఏంటి, దాన్ని ఎత్తేయడమేంటి?

బిచాణా అంటే పక్క. పడుకునే పక్కేనండీ! హిందీ, ఉర్దూల్లో 'బిఛానా' అంటే పరవడం, పరిచిన పక్క. మన నోట్లో పడేసరికి ఒత్తు పోయి, 'న' కాస్తా 'ణ' అయింది, ఠికానా మనకి ఠికాణా అయినట్టు. ఉర్దూలో 'బోరియా బిస్తర్ బాంధ్‌నా' అనే జాతీయం కూడా ఉంది. చాపా, పక్కా చుట్టుకుని బయల్దేరడం అన్నమాట. మన 'తట్టాబుట్టా సర్దుకోవడం' లాంటిదే.

ఇలాంటి మాటలు మనకి కొత్తేం కాదు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకని బ్రౌన్ దొర 1854లోనే విడిగా ఓ నిఘంటువు వేశాడు. ఇక నిజాం రాజ్యంలో సర్కారు భాషే ఉర్దూ అయింది. వెళ్ళిపోవడానికి మనం వాడే మిగతా మాటలు చూడండి: 'పరారీ'కి మూలం అరబ్బీ 'ఫరార్', 'ఉడాయించడం' హిందీ 'ఉడానా' నుంచి వచ్చింది, అంటే ఎగరేయడం.

మా వికారాబాద్, తాండూరు స్టేషన్లున్న వాడి-సికింద్రాబాద్ రైలు మార్గం 1874లో మొదలైంది. మామూలు జనం ఎక్కే పెట్టెల్లో అప్పట్లో ఉన్నవి చెక్క బల్లలే. రెండో తరగతి బెర్తులకి కాస్త మెత్త పడింది 1970ల చివర, మధు దండవతే రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు. అందాకా దూరం పోయేవాడికి పక్కచుట్టే పరుపు. దాన్ని ఎత్తాడంటే ప్రయాణమయ్యాడని లెక్క. అందులో మోసమేముంది?

తాండూరు, కొడంగల్ వైపు నుంచి ముంబయి, పూణేలకి కూలిపనికి పోయేవాళ్ళు ఇప్పటికీ మూటతోనే రైలెక్కుతారు. వానల్లేక, ఊళ్ళో పని దొరక్క పోతారు. చేసిన అప్పు తీర్చడానికే ఆ పోవడం. నిజంగా బిచాణా ఎత్తేది వాళ్ళు. కానీ మన వాడుకలో ఆ మాట ఎగ్గొట్టి పారిపోయేవాడికి అంటుకుంది. ఏసీ ఆఫీసు పెట్టి ముంచినవాడు ఎత్తడానికి బిచాణా ఎక్కడుంది చెప్పండి? వాడికున్నది బోర్డు. 'బోర్డు తిప్పేశాడు' అని మనమే చక్కటి మాట పుట్టించుకున్నాం కదా, వాడికి అది చాలు. బిచాణాని మోసుకెళ్ళేవాళ్ళకే వదిలేద్దాం.